కొండకింద కొలత

6 ఫిబ్రవరి 2025, గురువారం

గెలిచినాను. తొమ్మిదంగుళాలు.

పక్కింటి సావిత్రమ్మ కాంపౌండు గోడ నా స్థలంలోకి తొమ్మిదంగుళాలు వచ్చి ఉండాదని సర్వేయరు చైతన్య మిషను పెట్టి చూపించినాడు. గంట పని. నాలుగున్నర వేలు తీసుకున్నాడు. ఆ డబ్బుకు నేను పదిహేను జాకెట్లు కుట్టాల. కానీ ఆమె మొగం చూసినాక డబ్బు మాట గుర్తుకే రాలా.

"తొమ్మిదంగుళాలకు యాల ఇంత రభస, అమరావతీ?" అంటాది.

అంగుళం నాదైతే అంగుళం నాకు కావాల. పన్నెండేండ్లుగా ఆ గోడ మీద ఒక్క చీర ఆరేయనీలేదు ఈమె. మేస్త్రీని పిలిపించి మూల పగలకొట్టించుకోవాల్సిందే. చేయకపోతే ఈ మదనపల్లెలో లాయర్లకేం కరువా.

చైతన్య బైకెక్కుతా "ఇంకేమన్నా కొలిచేది ఉంటే చెప్పండమ్మా" అన్నాడు. నెంబరు రాసి పెట్టుకున్నాను.

ఉండాది. ఇంకొకటి ఉండాది.

9 ఫిబ్రవరి, ఆదివారం

సదుం పక్క బండకిందపల్లెకు పోయి వచ్చినాను. మా ఆయన పోయిన ఈ మూడేండ్లలో ఆ ఊరికి పోవడం నాలుగోసారి.

కొండకింద మా భాగం ఎకరా తొంభై సెంట్లు. మరిది హనుమంతుది ఎకరా తొంభై. నడుమ హద్దుకు రెండు రాళ్ళు. పైరాయి కొండబండ దగ్గర అట్లే ఉండాది. కిందరాయి లేదు. గుంత గూడా పూడ్చేసి ఉండాది. హనుమంతు జీవాలు, మేకలూ గొర్రెలూ, నా మామిడి మొక్కల్లో మేస్తాండాయి.

"రాయి యాడ?" అన్నాను.

"నాకేం తెలుసు వదినా. పోయిన వానలకు కొట్టుకోని పోయిందేమో."

"అంత రాయి కొట్టుకోని పోతే నువ్వు యాల కొట్టుకోని పోలా?"

ఆయన పెండ్లాం ముత్యాలమ్మ చెంబు తెచ్చింది. "అక్కా, ఎండన పడి వచ్చినావు. నీళ్ళు తాగు." మా ఆయన వేయించిన బోరు నీళ్ళే నాకు పోసి మర్యాద చేస్తాది. తాగలేదు.

భూమి అమ్మతాండానని చెప్పేసినాను. పుంగనూరులో ఒక టమోటా వ్యాపారి అడగతాండాడు, సర్వే చేయించి హద్దులు చూపిస్తే కొంటాడంట. ఆ డబ్బుతో ఇంటి ముందర రెండు అంగళ్ళ గదులు లేపుతాను. ఒకదాంట్లో నా కుట్టు మిషను, ఇంకొకటి బాడిగకు.

హనుమంతు మొగం మాడిపోయింది. "బయటోన్ని తెచ్చి నా పక్కన కూర్చోబెడతావా?"

"నువ్వు పక్కనుండే దానికంటే ఎవడైనా మేలే" అన్నాను. బస్సెక్కేదాకా హాయిగా ఉండింది.

రాయి హనుమంతే పీకినాడు. ఇంకెవరు పీకతారు.

10 ఫిబ్రవరి

రాయి హనుమంతే పీకినాడు.

14 ఫిబ్రవరి, శుక్రవారం

చైతన్యకు ఫోను చేసినాను. ఇరవై రెండు వేలంట!

"మొన్న నాలుగున్నరే గదప్పా తీసుకున్యావు?"

"అది ఇంటి స్థలం అమ్మా. నాలుగు మూలలూ కనపడతాండాయి, రోడ్డు పక్కనే బండి ఆపినాను. కొండకింద అంటే కంప కొట్టించాల. మిషను మోసుకోని ఎక్కాల. కొండ అడ్డమొచ్చి సిగ్నల్ అందదు, పాత మిషనుతో ఒక్కొక్క అడుగూ పట్టుకోని రావాల. కూలోళ్ళు మీ లెక్కే. రాళ్ళు కొని నాటించేది గూడా మీ లెక్కే."

సచివాలయంలో దరఖాస్తు పెడితే తక్కువలో అయిపోతాది. వరస వచ్చేదాకా కాచుకోవాల. పుంగనూరాయన ఉగాది దాకానే ఆగుతానన్నాడు. చైతన్యను రెండు వేలు తగ్గించమన్నాను. తగ్గించలా.

2006లో అన్నదమ్ములు రిజిస్టరు చేసుకున్న భాగాల కాగితం ఉండాదా అని అడిగినాడు. ఉండాది. జిరాక్సు పంపించినాను. పైరాయి నుంచి కిందరాయికి ఎన్ని అడుగులు, రోడ్డు మూల నుంచి కిందరాయికి ఎన్ని అడుగులు, అన్నీ రాసుండాయంట. నేనెప్పుడూ అదంతా చదవలా. ఎకరా తొంభై సెంట్లు అనుండాది, నాకది చాలు.

20 ఫిబ్రవరి

పది వేలు అడ్వాన్సు పంపించినాను. చీటీ డబ్బు.

చిత్తూరు నుంచి కీర్తన ఫోను చేసింది. బ్యాంకులో పనిచేసే పిల్ల గదా, కన్నతల్లికి గూడా లెక్కలు చెప్తాది. "ఆ నేల ఎంత చేస్తాది, దానికి నువ్వు పెట్టేదెంత? చిన్నాయననే కొనుక్కోమని అడగరాదా అమ్మా?"

వాన్ని అడుక్కునేదాని కంటే కొండకే దానం రాసిస్తాను అన్నాను.

"ఆ నేలను మాత్రం కొలిపించొద్దు అనేవాడు గదా నాయన?" అనింది.

ఖర్చని అనేవాడు. ఆయనకు పైసా బయటికి తీయాలంటే ప్రాణం పోయేది. అంతే.

3 మార్చి, సోమవారం

కాళ్ళు లాగతాండాయి. రాసి పడుకుంటాను.

నలుగురు కూలోళ్ళు మధ్యాహ్నం దాకా కంపే కొట్టినారు. చైతన్య మూడు కాళ్ళ మిషను ఒకచోట పెడతాడు, వంగి చూస్తాడు, తల ఊపుతాడు, ఎత్తుకోని ఇంకొకచోట పెడతాడు. ఒక్కరోజుకు కాలేదు. రేపటికి ఇంకో ఆరు వేలు. "కొండ కదమ్మా" అంటాడు ప్రతిదానికీ. కొండంటే ఈ పిల్లోనికి అక్షయపాత్ర మాదిరి ఉండాది.

హనుమంతు పొద్దుగూకులూ గట్టు మీద గొంతుకూర్చోని చూస్తానే ఉన్నాడు. సగం ఖర్చు పెట్టుకోమన్నాను, హద్దు ఇద్దరిదీ గదా అని.

"పిలిచినోళ్ళే కట్టాల. నేను పిలిచినానా?"

"రాయి పీకేటప్పుడు నన్ను పిలిచినావా?"

లేచి తుండుగుడ్డ దులిపినాడు. కూలోళ్ళు కొడవళ్ళు ఆపి చూసినారు. ముత్యాలమ్మ మొగుని చెయ్యి పట్టుకోని లాక్కోని పోయింది.

రేపు తేలిపోతాది.

4 మార్చి, మంగళవారం

బోరు హనుమంతు భాగంలో ఉండాదంట.

కాగితంలోని కొలతల ప్రకారం కిందరాయి ఉండాల్సిన చోటు మేమనుకునే చోటు కంటే నలభై ఎనిమిది అడుగులు నా పక్కకు. నా చేతిలో ఇన్నాళ్ళూ ఉన్నది రెండెకరాల పన్నెండు సెంట్లు. ఇరవై రెండు సెంట్లు హనుమంతుది. బోరు, నా మామిడి మొక్కల్లో రెండు వరసలు ఆ ఇరవై రెండు సెంట్లలోనే ఉండాయి.

"మళ్ళా చూడప్పా" అన్నాను. మళ్ళా చూసినాడు. రోడ్డు మూల నుంచి వేరేగా పట్టుకోని వచ్చినాడు. అదే చోటు. సున్నంతో గుర్తు వేసినాడు.

హనుమంతు ఎగిరి గంతులేస్తాడనుకున్నాను. లేదు. సున్నం గుర్తు దగ్గర నిలబడి బోరు పక్క చూసినాడు, మళ్ళా గుర్తు పక్క చూసినాడు. చానాసేపు.

"వదినా, అయితే బోరు వేసిన ఏడు మన జీవాలు మేపే రంగప్ప రాయి పీకలా."

నేను మామిడి మొక్కల పక్కకు తిరిగినాను.

"మేకలదొడ్డికి రాయి కావాలని రంగప్ప పీకితే, మా యన్న తెచ్చి ఉన్నచోటనే మళ్ళా నాటించినాననె. రంగప్ప పీకింది కండ్లారా చూసినానని నువ్వు పంచాయితీలో చెప్తివి. ఉన్నచోటనే నాటింటే ఈ గుర్తు ఈడ ఎట్లుంటాది?"

"నేను చూసినాను" అన్నాను.

"ఏం చూసినావు?"

"రంగప్ప గడ్డపార పట్టుకోని ఉన్నాడు."

హనుమంతు నా కాళ్ళకాడ ఉమ్మేసి పోయినాడు.

పటం మీద ఇద్దరూ సంతకం పెడితే రాళ్ళు నాటిస్తానని చైతన్య అన్నాడు. పెట్టనన్నాను. మిగతా డబ్బు మాత్రం ఎంచుకోని తీసుకున్నాడు. కూలీలతో కలిపి ముప్పై నాలుగు వేలు. నా డబ్బుతో నా బోరు నాది కాదని చెప్పించుకున్నాను.

5 మార్చి

రంగప్ప గడ్డపార పట్టుకోని ఉన్నాడు. నేను చూసినాను.

8 మార్చి, శనివారం

హనుమంతు బోరు స్టార్టరు పెట్టెకు తాళం వేసినాడు. ముత్యాలమ్మే ఫోను చేసి చెప్పింది. చాటుగా మాట్లాడతాండాది, పక్కన మేకల అరుపులు.

"అక్కా, ఈయన మూడు రోజులుగా తిండి తినడంల్యా. ఆ పొద్దు రంగప్పను కొట్టింది ఈయన గదా. చెవి పగిలి రక్తం వచ్చె. ఏడాది జీతం కింద రంగప్పకు ఇయ్యాల్సిన ఆరు మేకపిల్లల్నీ ఈయనే ఇయ్యకుండా పట్టుకునె. నిజం చెప్పక్కా, నువ్వు చూసినావా?"

ఫోను పెట్టేసినాను. మొగుడు కొడితే పెండ్లాం నన్నడగడమేంది?

పుంగనూరాయన గూడా మానుకున్నాడు. నీళ్ళు లేని నేల ఎవరిక్కావాలమ్మా అన్నాడు.

12 మార్చి

సావిత్రమ్మ గోడ మూల పగలకొట్టించింది. మేస్త్రీ సుత్తి దెబ్బలు పొద్దంతా. బయటికి పోయి చూడలా.

జాకెట్టు చెయ్యి తిరగేసి కుట్టినాను. రెండుసార్లు.

16 మార్చి, ఆదివారం

ఈ పుస్తకం ఎవరూ చదవరు. రాస్తాండాను.

2007, గంగమ్మ జాతర. ఊరంతా జాతరకు పోయింది. హనుమంతు, ముత్యాలమ్మ ఆమె పుట్టింటికి పోయి ఉన్నారు. అంతకు రెండు రోజుల ముందర మా ఆయన నీళ్ళు చూసే ఆయన్ను తెచ్చినాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకోని నేలంతా తిరిగినాడాయన. మా భాగంలో యాడా టెంకాయ కదలలేదు. హద్దు దాటి ఇరవై అడుగులు పోయినాక నిలువుగా లేచి నిలబడింది.

మా ఆయన ఆ మాట నాకొక్కదానికే చెప్పినాడు.

జాతర రోజు మిట్టమధ్యాహ్నం ఆయన గడ్డపారతో పెళ్ళగించినాడు. నేను మన్ను ఎత్తి పోసినాను. రాయికి తాడు కట్టి ఇద్దరం లాగినాం. కొత్త గుంతలో దించినాక నేనే చుట్టూ మట్టి తొక్కినాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఎందుకో తెలియదు, చానా నవ్వినాం. నెలకు బోరు వేయించినాడు. రెండంగుళాల నీళ్ళు పడినాయి.

హనుమంతుకు అనుమానమొచ్చింది. రాయి కదిలింది అన్నాడు. రంగప్ప మా రెండిండ్ల జీవాలు మేపేవాడు, దొడ్డి ఆ పక్కనే. మా ఆయన ఆ పేరు చెప్పేసినాడు. హనుమంతు రంగప్పను ఈడ్చుకోని వచ్చి కొట్టినాడు. పంచాయితీలో పెద్దమనిషి నన్నడిగినాడు, "నువ్వు చూసినావామ్మా?"

"చూసినా."

మా ఆయన చెప్పమన్నాడు, అందుకని చెప్పినాను అని రాద్దామనుకున్నాను. ఆయన చెప్పమనలా. నా పక్క చూసినాడు, అంతే.

ఇన్నేండ్లలో ఎప్పుడో ఒకప్పుడు నాకే నమ్మకమొచ్చేసింది. కండ్లు మూసుకుంటే రంగప్ప గడ్డపార పట్టుకోనుండేది కనపడతాది నాకు. ఇప్పుడూ కనపడతాండాది. చొక్కా రంగు గూడా చెప్పగలను.

18 మార్చి

హనుమంతుకు ఫోను చేసి చెప్పినాను. మొత్తం. ఇప్పుడు కిందరాయి ఎవరు పీకినారో నేనడగలా, ఆయన చెప్పలా. అంతా విని అన్నాడు. "రంగప్ప కుప్పం పక్క గుడుపల్లెలో ఉండాడు. ఆదివారం పోతాం. నేను కొట్టినా, నువ్వు చెప్పినావు. ఇద్దరూ పోవాల."

"నువ్వు పిలిస్తే నేను రావాల్నా?"

"రాకపోతే మెడబట్టి తీసుకుపోతా."

23 మార్చి, ఆదివారం

పుంగనూరు బస్టాండులో కలిసినాం. పలకరింపు లేదు. పలమనేరులో మారినాం. ఎవరి టికెట్టు వాళ్ళమే తీసుకున్నాం. నేను ముందర సీట్లో, ఆయన వెనకాల. కుప్పంలో దిగి టీ తాగినాడు, నన్నడగలా. నేనూ వేరే అంగట్లో తాగినాను.

రంగప్ప ఇల్లు గుడుపల్లె దాటినాక, ఒక తోట పక్కన. రేకుల ఇల్లు, ముందర దొడ్డి. అరవై దాటినాయేమో, మనిషి మాత్రం కట్టె మాదిరి నిటారుగా ఉండాడు. ఒక పక్కకు తల తిప్పి వింటాడు. ఆ రెండో చెవి వినపడదంట.

హనుమంతును గుర్తుపట్టినాడు. నన్ను గూడా. కూర్చోమనలా.

హనుమంతే మొదలుపెట్టినాడు. తప్పయిపోయింది రంగప్పా, పది మంచి గొర్రెలు తోలిస్తాను అన్నాడు.

"నాకు నలభై ఉండాయప్పా. నీ పదీ యాడ కట్టేసుకుందును?"

తర్వాత నా పక్క తిరిగినాడు. నేను దోవంతా అనుకోనొచ్చిన మాటలు ఒక్కటీ రాలేదు. "రాయి మేమే మార్చినాం" అన్నాను.

"తెలుసమ్మా."

"తెలుసా?"

"ఆ పొద్దు నేను జాతరకు పోలా. పైన బండ మీద ఉండా. జీవాలు నీడన పండుకోనుండె. మీరిద్దరూ తాడు కట్టి లాగింది, నువ్వు మట్టి తొక్కింది, అంతా సూసినా. నవ్వింది గూడా ఇనపడె."

హనుమంతు "అయితే అప్పుడే యాల చెప్పలా?" అని అరిచినాడు.

"ఎవరికి చెప్పేది? నువ్వు కొడతాండావు. మీ యన్న అంకయ్యన్న నా పేరు చెప్పె. ఈయమ్మను అడిగినారు. అడిగినప్పుడు నాకు ధైర్యమొచ్చెనప్పా. ఆడమనిషి, నాకు ఎన్నిసార్లో అన్నం పెట్టిన మనిషి, ఈమె నిజం చెప్పేస్తాదిలే అనుకున్యా. ఈమె నోరు తెరిచేదాకా అదే అనుకుంటాండా."

నేను చేతులు పట్టుకుందామని ముందుకు పోయినాను. వెనక్కి జరిగినాడు.

"ఈడ చెప్తే ఏం లాభం తల్లీ? ఈడ నన్నెవరూ దొంగ అనలా. ఆడ అనిరి. ఆడ పోయి చెప్పు."

దొడ్డి తడిక తీసి జీవాల్ని తోలుకోని పోయినాడు. మేమిద్దరం ఆడనే నిలబడిపోయినాం. ఇంట్లోంచి ఎవరో ఆడామె తొంగి చూసి తలుపేసుకునింది.

బస్టాండులో హనుమంతు, "వింటివి గదా" అన్నాడు.

"నీకు గూడా చెప్పినాడు" అన్నాను.

24 మార్చి

పోను. ఊరంతటి ముందర నన్ను నిలబెట్టాలని హనుమంతుకే సంబరం.

26 మార్చి

కీర్తనకు చెప్పినాను. "నాయన గూడానా?" అని ఒక్కటే అడిగింది. అవునన్నాను. తర్వాత చేస్తానని పెట్టేసింది. చేయలేదు.

28 మార్చి, శుక్రవారం

నిన్న పోయి ముత్యాలమ్మ ఇంట్లో పడుకున్నాను. పొద్దున్నే ఆరుగంటలకు పాలకేంద్రం కాడికి పోయినాను. ఊర్లో అందరూ ఒకచోట దొరికేది ఆ పొద్దే. ముప్పై మంది దాకా క్యాన్లు పట్టుకోని వరసలో ఉన్నారు. అప్పుడు పంచాయితీలో ఉన్నోళ్ళు ఐదారుగురు. పిల్లకాయల కంటే కొంచెం పెద్దోళ్ళు మిగతా అంతా, వాళ్ళకు రంగప్ప ఎవరో గూడా తెలియదు.

హనుమంతు చైతన్య గీసిన పటం తెచ్చినాడు. జోబిలోంచి ఫోను తీసి రంగప్పకు కలిపి స్పీకరు పెట్టినాడు. ఇది నాకు ముందర చెప్పలేదు. ఫోనును నా మొగం ముందర పెట్టి "చెప్పు" అన్నాడు, గొడ్డును అదిలించినట్ల.

చెప్పినాను. రాయి మార్చింది నేనూ మా ఆయనా. రంగప్ప ముట్టుకోలా. చూసినానని నేను అబద్ధం చెప్పినా. గట్టిగానే చెప్పినాను. పాలు కొలిచే ఆయన మిషను ఆపేసినాడు. వెనకాల ఎవరో "ఓయమ్మా" అనినారు. ఒక ముసలాయన నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

ఫోనులో రంగప్ప "ఎవరెవరుండారాడ?" అన్నాడు.

హనుమంతు ఒక్కొక్క పేరే చెప్పినాడు. పేరు చెప్పినప్పుడల్లా ఆ పక్కనుంచి "ఊ" అంటాడు. పెద్దమనిషి కొడుకు, చాకిరేవు పక్కింటోళ్ళు, అంగడాయన. ఊ. ఊ. ఊ.

"కుప్పమ్మవ్వ వచ్చిందా?"

కుప్పమ్మది అప్పుడు ఈ ఊర్లో మా వెనక ఇల్లు. రంగప్పకు తల్లి లేదు, ఆమే రోజూ పొద్దున సంగటి ముద్ద పెట్టేది. పంచాయితీ అయిన సాయంత్రం రంగప్ప ఆమె వాకిట్లో నిలబడితే, దొంగముండాకొడకా నా గడప తొక్కొద్దు అని తలుపేసింది. నేను మా పెరట్లోంచి విన్నాను.

హనుమంతు నా పక్క చూసినాడు. నేనే చెప్పినాను.

"ఆమె పోయింది రంగప్పా. నాలుగేండ్లాయ."

ఫోనులో మేకలు అరస్తాండాయి. ఎవరో తోలతాండారు.

"నిజం తెలీకుండానే పోయిందే" అన్నాడు. ఫోను పెట్టేసినాడు.

కొంచేపటికి పాలాయన మిషను వేసినాడు. వరస కదిలింది. నా పక్కనుంచి పోయేటప్పుడు అందరూ క్యాన్లు నాకు తగలకుండా పట్టుకోని పోయినారు.

హనుమంతు పటం ఒక క్యాను మూత మీద పరిచినాడు. ఆయన సంతకం పెట్టి, పెన్ను జోబిలో పెట్టేసుకున్నాడు. నేను నా సంచిలో వెతుక్కోని నా పెన్నుతో పెట్టినాను.